అక్క నీళ్లలోంచి ఎందుకు లేచింది

బుచ్చన్న కథ ఎత్తుకున్నాడంటే కూర్చున్నవాడు లేవడు, లేచినవాడు మళ్లీ కూర్చుంటాడు. అది వాళ్ల ఇంటి సొత్తు. జగిత్యాల పక్కన వాళ్ల అయ్య ఒగ్గు కథ చెప్పేవాడు. డోలు మీద దెబ్బ పడితే చుట్టుపక్కల జనం గొంగళ్లు చంకన పెట్టుకుని వచ్చి కూర్చునేవారు. అయ్య నడుమ నిలబడి కథ చెబుతుంటే బుచ్చన్న పక్కన నిలబడి వంత పాడేవాడు. వంతంటే పాటొక్కటే కాదు. "ఆఁ, అయితే?" అనాలి. "ఆమె ఎందుకు పోయిందే?" అని అడగాలి. సందు దొరికినప్పుడల్లా "ఆగాగు, అత్త ఏమన్నది?" అని గుచ్చాలి. చెప్పేవాడు ఊపిరి పీల్చుకునేది ఆ సందుల్లోనే. ఏనాటికైనా తానూ నడుమ నిలబడతానని బుచ్చన్న ఆశ. ఆ రోజు రాలేదు. అయ్య పోయేనాటికి ఊళ్లో ఇంటింటికీ టీవీ వచ్చింది, బుచ్చన్నకు సౌదీ వీసా వచ్చింది.

ఇంత తెలిసిన మనిషి అంత తెలివితక్కువ పని ఎట్లా చేశాడని నన్నడిగితే ఏం చెప్పను. నడుమ నిలబడే అవకాశం లేక లేక దొరికింది, ఒళ్లు మరిచిపోయాడు. అంతే.

రియాద్‌లో అతనిది టైల్స్ పని. ఇళ్ల మరమ్మతులు చేసే కంపెనీ. కూర్చుని టైల్ పరిచేవాడు మక్బూల్ మియా, బంగ్లాదేశ్ మనిషి. సిమెంటు కలిపి అందించి, కొలతకు టైల్ కోసి ఇచ్చేవాడు బుచ్చన్న. పంతొమ్మిదేళ్లుగా ఇదే జోడీ. ఇద్దరి మధ్య నడిచేది గల్ఫు హిందీ. అందులో సగం ఉర్దూ, సగం అరబ్బీ, మిగిలింది చేతులు.

స్నానాల గదుల్లో ఇద్దరే ఉంటారు కదా, గోడలు నాలుగూ దగ్గర. అట్లాంటి చోట మక్బూల్ మియా నోరు విప్పేవాడు. ఏడాదికి ఒకసారో, రెండుసార్లో. 1971లో అతనికి ఎనిమిదేళ్లు. అప్పటికి వాళ్ల దేశం పాకిస్తాన్‌లో తూర్పు ముక్క, బంగ్లాదేశ్ అనే పేరు ఇంకా నిలవలేదు. ఆ మార్చిలో పాకిస్తాన్ ఫౌజు తన సొంత జనం మీదే విరుచుకుపడింది. ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి. లక్షలమంది చచ్చిపోయారు, కోటిమంది దాకా సరిహద్దు దాటి మన దేశానికి పరుగెత్తారు. మక్బూల్ వాళ్ల ఊరికి ఫౌజు చలికాలం మొదట్లో వచ్చింది. తిరగబడ్డ కుర్రాళ్లకు ఎవరో అన్నం పెట్టారని ఊరంతటినీ వరసలో నిలబెట్టింది. వాళ్ల అమ్మానాన్నా ఆ వరసలో ఉన్నారు. పన్నెండేళ్ల అక్క మాత్రం మక్బూల్‌ను చెయ్యి పట్టి ఈడ్చుకుపోయి, ఇంటి వెనక చెరువులో గుర్రపుడెక్క కింద దాచింది. ముక్కులు మాత్రం పైకి పెట్టుకుని ఇద్దరూ నీళ్లలో ఉండిపోయారు.

"ఆఁ, అయితే?" అనేవాడు బుచ్చన్న, అలవాటు చొప్పున.

"అయితే ఏముంది. మర్నాడు మా చిన్నాన్న వచ్చి నన్ను తీశాడు" అనేవాడు మక్బూల్ మియా. తర్వాత రబ్బరు సుత్తి తీసుకుని, అప్పటికే సరిగ్గా కూర్చున్న టైల్‌ను ఇంకోసారి కొట్టేవాడు. అక్క ఏమైందో చెప్పేవాడు కాదు. బుచ్చన్నా అడిగేవాడు కాదు. అన్నీ అడిగే మనిషి ఆ ఒక్కటీ అడగలేకపోయాడు.

ఇట్లా నడుస్తుండగా కంపెనీకి గ్రహచారం పట్టింది. ఎంతమంది సౌదీలకు ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు రంగులు వేసే నితాఖత్‌లో వాళ్లది ఎరుపులో పడింది. ఎరుపులో పడితే పనివాళ్లను ఆ దేశంలో ఉండనిచ్చే అకామా కార్డులు రెన్యూవల్ కావు. దానికి తోడు ఆ ఏడు మొదటి నుంచి ఒక్కో పనివాడి తలకు సర్కారుకు కట్టాల్సిన లెవీ పెరిగింది. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, పెద్ద వయసు వాళ్లందరినీ పిలిచి, పని మాన్పించి ఇంటికి పంపే ఎగ్జిట్ కొట్టేశాడు. మక్బూల్ మియా పేరు అందులో ఉంది. మార్చి చివర్లో ప్రయాణం.

సరిగ్గా అప్పుడే గుల్షన్ ఆపా వచ్చింది. రియాద్ నడిబొడ్డున బతా బజారులో మక్బూల్ మియా శుక్రవారం శుక్రవారం చేపల కూర తినే మెస్సు ఉంది. ఆ మెస్సు మీది అంతస్తులో ఆమె కాపురం. ఢాకాలో టీచరమ్మ పని చేసి వచ్చింది. ప్రతి శుక్రవారం తన ఇంట్లో బెంగాలీ పిల్లలకు పాఠాలు చెబుతుంది. వాళ్లందరికీ ఆమె ఆపానే, అంటే అక్క. ఫౌజు విరుచుకుపడిన మార్చి 25ను నిరుడు వాళ్ల ప్రభుత్వం నరమేధ స్మరణ దినం చేసింది. ఆ రోజుకు ముందు శుక్రవారం పిల్లలకు 1971ని కళ్లారా చూసిన పెద్దవాళ్ల చేత చెప్పించాలని ఆమె పట్టుదల. కుటుంబాల మీద లెవీ వేశాక చాలామంది పెళ్లాం పిల్లల్ని ఇళ్లకు పంపించేస్తున్నారు. ఆమె క్లాసులో సగంమంది ఇప్పటికే వెళ్లిపోయారు, ఉన్నవాళ్లు పరీక్షలు కాగానే వెళ్తారు.

"చచ్చిపోయినవాళ్లు ఎంతమంది అని అడిగితే ఎక్కాలు అప్పజెప్పినట్టు చెబుతారు నా పిల్లలు" అంది గుల్షన్ ఆపా మెస్సులో బల్ల బల్లకూ తిరుగుతూ. "వాళ్లలో ఒక్కరి గురించైనా చెప్పమంటే తెలియదు. మీలో ఎవరైనా వచ్చి చెప్పండి."

మక్బూల్ మియా తల వంచి చేప ముల్లు తీసుకుంటున్నాడు. పక్కనే కూర్చుని తింటున్న బుచ్చన్న ఊరుకుంటేనా. "ఇగో, మా మక్బూల్ భాయ్ చూసిండు. కండ్లార చూసిండు" అని చెయ్యెత్తి చూపించాడు.

మక్బూల్ మియా చాలాసేపు ముల్లు తీశాడు. చివరికి "చూద్దాం" అన్నాడు. అతను చూద్దాం అన్నాడంటే ముప్పాతిక వంతు ఒప్పుకున్నట్టే. బుచ్చన్నకు పట్టరాని సంతోషమైంది. ఎందుకంటే మక్బూల్ మియా ఈ కథ ఊళ్లో కన్నకొడుకులకు కూడా చెప్పలేదు. ఈ దేశం విడిచి వెళ్తే ఇక ఏ స్నానాల గదిలోనూ ఎవరితోనూ చెప్పడు. ఆ అక్కను ఎరిగినవాళ్లు లోకంలో ఇంకెవరూ మిగలరు.

అంత బాగా జరగబోయే పనిని ఎవరు చెడగొట్టాలి? బుచ్చన్నే చెడగొట్టాడు.

గురువారం సాయంత్రం పనివాళ్లుండే క్యాంపులో ఎగ్జిట్ పడ్డవాళ్లకు విందు చేశారు. తెలుగువాళ్లున్నారు, బెంగాలీలున్నారు, బస్సు నడిపే దిలావర్ ఉన్నాడు. దిలావర్‌ది పాకిస్తాన్. బిర్యానీ అయ్యాక లక్ష్మణ్ మొదలుపెట్టాడు. లక్ష్మణ్ బుచ్చన్న ఊరివాడే, ఏసీలు బిగిస్తాడు.

"బుచ్చన్న మామా, ఒక కథ పడనియ్యరాదే. మళ్ల వీళ్లు ఎక్కడ, మనం ఎక్కడ."

నీళ్ల క్యాన్ బోర్లించి ముందర పెట్టారు. దాని మీద నాలుగు దెబ్బలు వేసేసరికి బుచ్చన్నకు పూనకం వచ్చినంత పనయింది. దేవుళ్ల కథ చెబుదామని మొదలుపెట్టినవాడు కాస్తా, దేశం విడిచిపోతున్న స్నేహితుడి గొప్ప నలుగురికీ తెలియాలనుకుని, మక్బూల్ అక్క కథ ఎత్తుకున్నాడు. హిందీలో సగం, తెలుగులో సగం. ఊరు చెప్పాడు, వరస చెప్పాడు, చెరువు చెప్పాడు. జనం ఊపిరి బిగబట్టారు. గుర్రపుడెక్క దాకా వచ్చాడు. అక్కడి నుంచి అతనికి కథ తెలియదు.

తెలియకపోతే ఆగాలి కదా. ఆగలేదు. వాళ్ల అయ్య కథల్లో ఏ ఆడబిడ్డా ఊరికే చావదు. బుచ్చన్న చెయ్యి క్యాన్ మీద ఆడుతూనే ఉంది, నోరు కదులుతూనే ఉంది. మక్బూల్ అక్క జుట్టు విరబోసుకుని చెరువులోంచి లేచింది. చేపలు కోసే కత్తి అందుకుంది. ఒక్క వేటుకు ఒక్కడు చొప్పున నలుగురు ఫౌజీలను నరికింది. ఐదో వాడి తుపాకీకి గుండె చూపించి నవ్వుతూ నేలకొరిగింది. ఈలలు, చప్పట్లు. లక్ష్మణ్ ఎగిరి గంతేశాడు. బెంగాలీ కుర్రాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

మక్బూల్ మియా తలుపు దగ్గర చాయ్ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. గ్లాసు కిటికీలో పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాత రెండు రోజులు పక్కపక్కనే పని చేశారు గానీ మక్బూల్ మియా ఒక్క మాట మాట్లాడలేదు. సిమెంటు కావాలంటే తాపీ చూపిస్తాడు, టైల్ కావాలంటే వేలితో గీత గీస్తాడు. మూడో రోజు బుచ్చన్న ఉండబట్టలేక "తిట్టు భాయ్, లేకుంటే కొట్టు" అన్నాడు.

"గుల్షన్ ఆపాకు చెప్పు, నేను రానని" అన్నాడు మక్బూల్ మియా టైల్ మీంచి తలెత్తకుండానే.

"తప్పు నాది. పిల్లలేం చేసిండ్రు?"

"మా అక్క చేతిలో కత్తి లేదు బుచ్చన్. నిన్న మా దేశం కుర్రాడొకడు వచ్చి, మీ అక్క నలుగురిని చంపిందట కదా చాచా, అని నా చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. వాడికి నేనేం చెప్పాలి? నా లోపల ఉన్నన్నాళ్లు అక్క ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది. బయటికి వచ్చిన సాయంత్రమే వేరే ఎవరో అయిపోయింది. పిల్లలకు చెబితే వాళ్లు ఇంకో కత్తి ఇస్తారు. వద్దు. నాతోనే రానీ."

బుచ్చన్నకు తల తీసేసినట్టయింది. ఏం చెయ్యాలో తోచక మధ్యాహ్నం అన్నం వేళ ఇంటికి ఫోన్ చేశాడు. భార్య ముత్యవ్వకు ఏదీ దాచే అలవాటు లేదతనికి. అంతా విని ఆమె అడిగింది.

"ఆ పొల్ల దేవతనా, మామూలు ఆడపిల్లనా?"

"మామూలు పిల్లనే. పన్నెండేండ్లు."

"మరి కత్తి ఎందుకిచ్చినవ్?"

"ఉత్తగ సచ్చిపోయిందంటె ఎట్ల ఉంటది ముత్యవ్వా? ఇనేటోళ్లకు..."

"ఇనేటోళ్లకు ఏం పుట్టింది? కొట్లాడకుంట సచ్చిపోతె అది చావు కాదా? భయపడి సచ్చిపోయినోళ్ల కోసం ఎవ్వరూ ఏడ్వొద్దా? నువ్వు చప్పట్ల కోసం ఆ పిల్లను ఎటూ కాకుంట చేసినవ్. మీ అయ్య నిన్ను వంతకే ఎందుకు పెట్టిండో నాకిప్పుడు సమజైంది."

మామూలుగా అయితే ఆ చివరి మాటకు బుచ్చన్న ఫోన్ పెట్టేసేవాడు. ఈసారి పెట్టలేదు. "నిజమే" అన్నాడు. ఆమె కాస్త మెత్తబడి, "ఎట్ల చెప్పినవో అట్లనే పోయి ఎనక్కి తీసుకో మరి. నలుగుట్ల చెప్పినవ్, నలుగుట్లనే తీసుకోవాలె" అంది.

ఆ సాయంత్రం క్యాంపు మెస్సులో అందరూ కంచాల ముందు కూర్చున్న వేళ బుచ్చన్న లేచి నిలబడ్డాడు. ఇంకో కథ అనుకుని లక్ష్మణ్ క్యాన్ తెచ్చాడు.

"క్యాన్ పక్కకు పెట్టురా. మొన్న నేను చెప్పిన కథల కత్తి అబద్ధం. నలుగురిని నరుకుడు అబద్ధం. ఆ పిల్ల నవ్వుడు అబద్ధం. తమ్మున్ని పట్టుకొని నీళ్లల్ల దాసుకున్నది, గదొక్కటే నిజం. తర్వాత ఏమైందో భాయ్ చెప్పలే, నేను అడగలే. మిగిలిందంత నా నోట్లకెల్లి ఊడిపడ్డది."

"గదేంది మామా, కత్తి లేకుంటె ఇంక కథేముందే?" అన్నాడు లక్ష్మణ్.

"కథ కాదురా అది. ఆయన అక్క" అన్నాడు బుచ్చన్న. అంతమందిలో సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయినట్టుంది. కొందరు నవ్వారు, కొందరు గొణుక్కున్నారు. చెయ్యి ముద్దుపెట్టుకున్న కుర్రాడి దగ్గరికి వెళ్లి అదే మాట మళ్లీ చెప్పాడు. వాడు మొహం చిన్నబుచ్చుకుని కంచం తీసుకుని వెళ్లిపోయాడు.

మక్బూల్ మియా ఆ పూట మెస్సుకు రాలేదు. అతనికి ఈ మాట మోసింది దిలావర్. ఇద్దరివీ పక్కపక్క మంచాలు. "నీ దోస్తు అందరి ముందూ తన పరువు తానే తీసుకున్నాడు" అన్నాడట. మక్బూల్ మియా "నిజంగానే కత్తి లేదని చెప్పాడా?" అని మాత్రం అడిగాడట.

శుక్రవారం నమాజు అయ్యాక బతాకు వెళ్లే బస్సులో బుచ్చన్న ఎక్కి కూర్చున్నాడు. గుల్షన్ ఆపాకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు. బస్సు కదలబోతుండగా మక్బూల్ మియా ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వచ్చి బుచ్చన్న పక్కనే కూర్చున్నాడు.

"నువ్వు నా పక్కనే ఉండు. ఒక్క మాట కలిపావా, లేచి వచ్చేస్తాను."

"కలిపితె రబ్బరు సుత్తితోని మూతి మీద కొట్టు భాయ్."

"సుత్తి కంపెనీకి అప్పజెప్పేశాను" అన్నాడు మక్బూల్ మియా. బుచ్చన్న ప్రాణం లేచి వచ్చింది.

ఆపా ఇంట్లో ముందు గది నిండా పిల్లలు. వాకిట్లో అన్ని చెప్పులు కనిపిస్తే, అనుమతి లేకుండా ఇంతమందిని ఎందుకు చేర్చారని వాచ్‌మన్ అడుగుతాడని వాటిని లోపలే గోడ వారగా పేర్చారు. కిటికీ పక్కన పదకొండేళ్ల రుమానా కూర్చుంది. ఒళ్లో తమ్ముడు. వాడికి నాలుగేళ్లుంటాయి, ఆమె జడ పట్టుకుని లాగుతున్నాడు. నెలాఖరుకు వాళ్ల అమ్మా, ఆ పిల్లలిద్దరూ వెళ్లిపోతున్నారని, తండ్రి ఒక్కడే ఇక్కడ ఉంటాడని ఆపా చెప్పింది.

బస్సు ఆపి వచ్చిన దిలావర్ గుమ్మం బయటే నిలబడిపోయాడు. అతను ఏ దేశం వాడో గదిలో పెద్దవాళ్లందరికీ తెలుసు.

"మా బడిలో ఇది చెప్పలేదు" అన్నాడు దిలావర్, నేల చూస్తూ. "కూర్చోవచ్చా అని అడగడానికి వచ్చాను. వద్దంటే బస్సులో ఉంటాను."

అందరూ మక్బూల్ మియా వైపు చూశారు. "బస్సులో ఏసీ పనిచేయదు. లోపలికి రా" అన్నాడతను. దిలావర్ చెప్పుల పక్కన కూర్చున్నాడు.

మక్బూల్ మియా బంగ్లా భాషలో మొదలుపెట్టాడు. పంతొమ్మిదేళ్ల సావాసం మీద బుచ్చన్నకు ఆ భాష చాలావరకు అర్థమవుతుంది. ఊరి పేరు చెప్పాడు, ఇంటి వెనక చెరువు చెప్పాడు. నాలుగు మాటలకే ఆగిపోయాడు. కదలొద్దని, చప్పుడు చేయొద్దని ఆపా ముందే గట్టిగా చెప్పి ఉంచింది. పిల్లలు చేతులు కట్టుకుని బొమ్మల్లా కూర్చున్నారు. ఆ నిశ్శబ్దంలో మక్బూల్ మియాకు మాట పెగల్లేదు. లేచేట్టు కాలు కదిపాడు.

"ఆఁ, అయితే?" అన్నాడు బుచ్చన్న హిందీలో. "చెరువుల నీళ్లు ఎంత లోతు ఉండె భాయ్?"

మక్బూల్ మియా ఉలిక్కిపడి అతని వైపు చూశాడు. "నాకు గడ్డం దాకా. అక్కకు భుజాల దాకా."

"గుర్రపుడెక్క కింద కనిపిస్తదా బయటికి?"

"సందుల్లోంచి. బూట్లు కనిపించేవి."

"అక్క ఏమన్నా అన్నదా?"

"నా నోటి మీద చెయ్యి పెట్టింది. ఆమె చెయ్యి నాకంటే ఎక్కువ వణుకుతోంది."

బుచ్చన్న ఒక్క మాట కలపలేదు. అడగడం, ఆగడం, మళ్లీ అడగడం. కాసేపటికి పిల్లలు కూడా కట్టుకున్న చేతులు విప్పి ముందుకు జరిగారు. చేపలు కరవలేదా అని ఒకడు అడిగాడు. ఆకలేయలేదా అని ఇంకొకడు. ఆపా వాళ్లను వారించబోయి ఊరుకుంది. మక్బూల్ మియా అందరికీ జవాబు చెప్పాడు. చేపలు కరవలేదు, జలగలు పట్టాయి. ఆకలేసింది. బయట కేకలు వినపడ్డాయి, తర్వాత తుపాకులు, ఆ తర్వాత ఏమీ వినపడలేదు. పొద్దు వాలింది. ఎప్పుడూ ఆగే చోటికి వచ్చాడు.

"మర్నాడు మా చిన్నాన్న వచ్చి నన్ను తీశాడు."

ఇక్కడ అడగాల్సింది ఏమిటో బుచ్చన్నకు తెలుసు. ఇన్నేళ్లు తెలుసు. అడిగితే ఈ మనిషి ఏమవుతాడోనని భయం. అడగకపోతే ఆ ఖాళీలో ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడతారు, తను పెట్టినట్టే. మక్బూల్ మియా చేతి మీద చెయ్యి వేసి, మెల్లగా అడిగాడు.

"అక్క నీళ్లలకెల్లి ఎందుకు లేచింది భాయ్?"

మక్బూల్ మియా పిల్లల వైపు చూడలేదు. బుచ్చన్న వైపు తిరిగి, ఇద్దరూ ఇన్నేళ్లు మాట్లాడుకున్న హిందీలోనే చెప్పాడు.

"నేను చలి అన్నాను. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కాసేపు ఓర్చుకోరా అంది. ఓర్చుకోలేదు. చలి, చలి అని ఏడ్చాను. అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత పెరట్లో కంచె మీద ఆరేసి ఉంది. చప్పుడు ఆగింది కదా, వెళ్లిపోయి ఉంటారు, తెస్తాను అంది. వెళ్లింది. వాళ్లు వెళ్లలేదు. ఆమె చేతిలో కత్తి లేదు బుచ్చన్. బొంత ఉంది. నేను ఓర్చుకుని ఉంటే మా అక్క ఇప్పుడు ముసలమ్మ అయ్యేది."

గుల్షన్ ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దిలావర్ రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఈ మనిషి లోపల దాచుకున్నది అక్కను కాదు, ఆ ఒక్క ఏడుపును, అని బుచ్చన్నకు అప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేస్తాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"నేనైనా వెళ్తాను" అంది రుమానా.

ఆ పిల్లకు హిందీ అర్థమైంది. రియాద్‌లో పెరిగిన పిల్లలందరికీ అర్థమవుతుంది. జడ లాగే తమ్ముడి చెయ్యి విడిపించుకుంటూ, తన భాషలో, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. ఆమె మాటలు బుచ్చన్నకు కూడా అర్థమయ్యాయి.

"ఎక్కడికమ్మా?" అన్నాడు మక్బూల్ మియా.

"బొంత తేవడానికి. వీడు చలి అంటే నేనైనా వెళ్తాను."

"వాళ్లు ఇంకా అక్కడే ఉంటేనో?"

రుమానా నిజంగానే ఆలోచించింది. "భయమేస్తుంది" అంది. "అయినా వెళ్తాను."

ఆ పిల్ల ఏం చెబుతుందో దాని మీదే తన ప్రాణం ఆధారపడి ఉన్నట్టు మక్బూల్ మియా ముందుకు వంగాడు. "మరి నీకేమైనా అయితే, ఏడ్చాడని వీడి మీద కోపం రాదా?"

ఇంత పెద్ద మనిషి ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది రుమానా. "వాడు చిన్నపిల్లాడు కదా దాదూ. చలేస్తే ఏడవకుండా ఏం చేస్తాడు? నాకు కోపం ఫౌజు మీద వస్తుంది."

మక్బూల్ మియా ఏడ్చాడు. దాచుకోలేదు. ఎనిమిదేళ్ల పిల్లాడు ఏడ్చినట్టు వెక్కివెక్కి ఏడ్చాడు. పిల్లలు భయపడలేదు. ఒకడు లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆపా ఫ్యాను పెంచింది. రుమానా తమ్ముడు జడ వదిలేసి, ముసలాయన ఎందుకు ఏడుస్తున్నాడని అక్క చెవిలో అడిగాడు. చెబుతాను ఉండు అంది రుమానా.

నీళ్లు తాగి, మొహం తుడుచుకున్నాక మక్బూల్ మియా సర్దుకుని కూర్చున్నాడు. ఎవరూ అడగలేదు. అతనే పిల్లల వైపు తిరిగాడు.

"మళ్లీ చెబుతాను, వినండి. మా అక్క పేరు షెఫాలీ. ఆమెకు పన్నెండేళ్లు. నాకు చలేసిందని బొంత తేవడానికి వెళ్లింది."